అడగని ప్రశ్న

(బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన సావనీరులో ఏటా ఒకటో రెండో వ్యాసాలు "గ్రామీణ విద్యార్థులు - సమస్యలు" అన్న ధోరణిలో వస్తుంటాయి. లైబ్రరీలో దొరికిన పాత సంచికలన్నీ తిరగేశాను. వాటిలో బస్సు పాసు ఉంటుంది, హాస్టలు మెస్సు ఉంటుంది, ఇంగ్లీషు భయం ఉంటుంది, చివర్లో ప్రభుత్వం వారికి ఒక విజ్ఞప్తి ఉంటుంది. అవన్నీ నిజాలే, కాదనను. మెస్సులో పోసే పప్పు గురించి నేనూ నాలుగు పేజీలు రాయగలను. కాని నన్ను రాయమన్న సంపాదక మిత్రుడితో ముందే చెప్పాను, సమస్యలన్నీ ఏకరువు పెట్టడం నా వల్ల కాదు, ఒకే ఒక్క ప్రశ్న గురించి రాస్తాను అని. అది ఏ ప్రశ్నాపత్రంలోనూ వచ్చిన ప్రశ్న కాదు. మా అన్న క్లాసులో లేచి నిలబడి, అడగబోయి, మింగేసిన ప్రశ్న.

మాది నల్లగొండ జిల్లా. చెరువు కింద రెండెకరాల పొలం, మూడెకరాల శెలక. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మా అన్న. పదో తరగతి దాకా ఊళ్లో సర్కారు బడి, తెలుగు మీడియం. ఇంటర్ నల్లగొండలో. 2015లో ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని హైదరాబాదులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరాడు. ఫీజు రీయింబర్సుమెంటు అనేది లేకపోతే చేరేవాడే కాదు, పాలిటెక్నిక్‌తో సరిపెట్టుకునేవాడు. ఏ కాలేజీ అని మాత్రం అడగవద్దు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మిగతా కాలేజీల వాళ్లు "మా దగ్గర ఇట్లాంటివి జరగవు" అనుకుంటారు, అది నాకిష్టం లేదు.

నాయినతో కలిసి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, హయత్‌నగర్ దాటి ఎల్.బి. నగర్‌లో బస్సు దిగిన రోజు గురించి అన్న ఎప్పుడూ నవ్వుకుంటూనే చెబుతాడు. నాయిన నెత్తిన బియ్యం సంచి, అన్న చేతిలో ఇనుప పెట్టె. సిటీ బస్సు కండక్టరు సంచికి కూడా టిక్కెట్టు కొట్టాడట. ఇటువంటి ముచ్చట్లు మనలో చాలామందికి ఉన్నాయి, హాస్టల్లో రాత్రిళ్లు చెప్పుకుని నవ్వుకుంటాం కూడా. చెప్పుకుని నవ్వుకోగలిగినవి మనిషిని పెద్దగా ఏం చెయ్యవు. చెప్పుకోలేనివే లోపల ఉండిపోతాయి. క్లాసులో జరిగిన సంగతి అన్న నాకు ఆరేండ్ల దాకా చెప్పలేదు. 2023లో నన్ను ఇక్కడ హాస్టల్లో దించడానికి వచ్చినప్పుడు, గేటు బయట చాయ తాగుతూ చెప్పాడు.

2017 మొదట్లో సంగతి. అన్న రెండో సంవత్సరం. మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు పాఠం నడుస్తోంది. లెక్చరరు గారు బోర్డు మీద టార్కుకూ స్లిప్పుకూ సంబంధం చూపే గీత గీశారు. ఎద్దు మూపురం లాగా పైకి లేచి కిందికి దిగే ఆ గీత ఎలక్ట్రికల్ చదివిన వాళ్లందరికీ గుర్తుంటుంది. గీసి, టార్కు వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చెప్పారు. అంటే 415 వోల్టులు ఉండాల్సిన చోట 300 వస్తే మోటారు బలం మూడోవంతో నాలుగోవంతో తగ్గి ఊరుకోదు, దాదాపు సగానికి పడిపోతుంది. క్లాసులో అరవైమంది ఆ సమీకరణం నోట్సులో ఎక్కించుకున్నారు. మా అన్నకు మాత్రం అదే క్షణంలో మా బాయి కనబడింది.

ఆ బాయి సంగతి కొంచెం చెప్పాలి. మాది అప్పుడు చెరువు కింది బాయి, గట్టు మీద ఐదు హార్సుపవరు మోటరు. 2014కు ముందు కరెంటు వంతులవారీగా వచ్చేది, వంతు రాత్రి పడితే రాత్రే పోవాలె. అన్న పదో తరగతి చదివేటప్పుడు ఎన్నో రాత్రులు బ్యాటరీ లైటు పట్టుకుని నాయిన వెంట పోయాడు. ఊరందరి మోటర్లూ ఒక్కసారే ఎత్తుకునేసరికి వోల్టేజి పడిపోయేది. స్టార్టరు ఎత్తితే మోటరు గుయ్యిమనేది గాని తిరిగేది కాదు. నాయిన దింపి, కాసేపాగి మళ్లీ ఎత్తేవాడు. మోటరు మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. అరచెయ్యి కాదు, చెయ్యి వెనకవైపు. షాకు కొడితే అరచెయ్యి బిగుసుకుని పట్టుకుంటుంది, వెనకవైపు అయితే చెయ్యి ముడుచుకుని మనవైపే వస్తుంది. ఇది ఏ ప్రాక్టికల్ రికార్డులోనూ రాయించరు. మా ఊళ్లో పన్నెండేండ్ల పోరనికి తెలుసు.

ఆ గుయ్యిమన్న చప్పుడే ఈ గీత అని అన్నకు అర్థమైపోయింది. అర్థమైన వెంటనే ప్రశ్న పుట్టింది. వోల్టేజి ఎంతకు పడితే ఇక స్టార్టరు ఎత్తగూడదు? మీటరు లేని రైతు ఆ హద్దును ఎట్లా గుర్తుపట్టాలె? మీరే చెప్పండి, ఇంతకంటే మంచి ప్రశ్న ఆ పాఠంలో ఎవరైనా అడగగలరా? అన్న లేచి నిలబడ్డాడు. "సార్, మా బాయికాడ వోల్టేజి తక్కువున్నప్పుడు మోటరు గుయ్యిమంటది గని..." అన్నాడు. అంతే. క్లాసంతా గొల్లుమంది. లెక్చరరు గారు చెడ్డమనిషి కాదట, ఆయన కూడా చిన్నగా నవ్వి, చెయ్యి ఊపి, "ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్" అన్నారు. అన్న అర నిమిషం నిలబడ్డాడు. గుయ్యిమనడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? బాయికాడ అన్నదాన్ని ఏమనాలె? వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో దొరకలేదు. "నథింగ్ సర్" అని కూర్చున్నాడు.

నాలుగేండ్ల ఇంజనీరింగులో అన్న వేసిన మొదటి ప్రశ్న అదే, చివరి ప్రశ్న కూడా అదే.

ఆ నవ్విన వాళ్లలో పక్క బెంచీవాడు అందరికంటే గట్టిగా నవ్వాడట. వాడిది ఏ బంజారాహిల్సో కాదు, దేవరకొండ వైపు పల్లెటూరే. "వానికి బాయికాడ అంటే తెల్వక నవ్వలేదు తమ్మీ, తెల్సు గన్కనే నవ్విండు" అన్నాడు అన్న. ఈ మాట నేను అప్పుడు సరిగా పట్టించుకోలేదు. ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి ఆ మాట దగ్గరికి మళ్లీ రావలసి ఉంది.

ఆ ఏడాది మార్చిలో, యాసంగి వరి పొట్ట మీద ఉండగా, మోటరు కాలిపోయింది. ఉగాదికి అన్న ఇంటికొచ్చినప్పుడు మోటరు మండల కేంద్రంలో వైండింగు షాపులో విప్పి ఉంది. నేను అప్పుడు ఆరో తరగతి, వాళ్ల వెంట నేనూ పోయాను. వార్నీషు మాడిన వాసన ఇప్పటికీ గుర్తుంది. మెకానిక్కు ఏడో తరగతి దాకా చదివినవాడు. మోటరు లోపల వేలు పెట్టి చూపించాడు: "ఇది స్టార్ కనెక్షను. రెండు ఫేజుల కాయిళ్లు మాడినయి, ఒకటి కొత్తదాని లెక్కనే ఉన్నది చూడు. అంటే ఒక ఫేజు రాలే. ట్రాన్స్‌ఫారం కాడ ఫీజు పోయి ఉంటది, మీరు చూస్కోలే. రెండింటి మీదనే నడిచి మాడింది." (మా దిక్కు ఫీజు పోవడం అంటే ఫ్యూజు పోవడం. కాలేజీ ఫీజు పోవడం అనేది వేరే కష్టం.) స్టార్టరులో ప్రివెంటరు ఉండాలి కదా అని అన్న అడిగాడు. ఉన్నది గాని, మాటిమాటికి ట్రిప్పవుతున్నదని దాన్ని తప్పించి వైరు కలిపాడు నాయిన. ఊళ్లో అందరూ చేసే పనే.

అన్న ముఖం తెల్లబోయింది. నాకు అప్పుడు ఎందుకో తెలియలేదు. తర్వాత చెప్పాడు: అంతకు రెండు వారాల ముందే మిడ్ పరీక్షలో 'సింగిల్ ఫేజింగ్' మీద ప్రశ్న వచ్చింది. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే మోటారు ఆగదు, తిరుగుతూనే ఉంటుంది, అదే లోడుకు మిగిలిన రెండు తీగల్లో కరెంటు సుమారు 1.73 రెట్లు అవుతుంది, వైండింగు వేడెక్కి కాలుతుంది - బొమ్మ గీసి మరీ రాశాడు. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. ఇంగ్లీషులో కంఠతా పట్టి రాసిన ఆ జవాబు, మా నాయిన మోటరు గురించినదని రాసేటప్పుడు అతనికి తట్టలేదు. క్లాసులో గుయ్యిమన్న చప్పుడును ఒక్క క్షణంలో పోల్చుకున్న మనిషికి, నెల తిరక్కుండానే మోటరు మాడే సంగతి తట్టలేదంటే మధ్యలో ఏం జరిగినట్లు? "ఆ రోజు కూసున్న కాడి నుంచి నేను పాఠాన్ని బాయికాడికి తీస్కపోవుడు బంద్ చేసిన" అన్నాడు. "బంద్ చెయ్యకుంటే మల్ల నోరు జారుతదని భయం."

రీవైండింగుకు ఎనిమిది వేలు అయ్యాయి. నీళ్లు లేని పది రోజుల్లో ఎకరం వరి తాలు పోయింది. దానికి అన్న నోరు మూసుకోవడమే కారణమని నేననను. అన్న అడిగి, లెక్చరరు గారు చెప్పినా, ట్రాన్స్‌ఫారం కాడి ఫీజు పోయేది పోయేదే. కాని ప్రివెంటరును తప్పించవద్దని ఇంట్లో చెప్పగలిగిన ఒక్క మనిషి, ఆ విషయం చదివిన ఒక్క మనిషి, దాన్ని మార్కుల కాగితంలో వదిలేసి వచ్చాడు. నా బాధ అది.

ఇంగ్లీషు రాకపోవడమే ఇదంతా అని చాలామంది తేల్చేస్తారు. నేను అట్లా అనుకోను. మా నాయిన మాటలు వినండి: మోటరు, స్టార్టరు, ఫేజు, ఫ్యూజు, కండెన్సరు, వైండింగు, బేరింగు, బుష్షు, వాల్వు, డెలివరీ పైపు. ఒక్కటన్నా తెలుగు మాట ఉందా? ఇంగ్లీషు మాటలు పల్లెకు ఎప్పుడో వచ్చాయి, పని వెంట వచ్చాయి, మా నోట్లో అరిగి మా మాటలైపోయాయి. వాటికి భయపడే రైతును నేను చూడలేదు. మరి అన్నకు అడ్డంపడ్డ ఇంగ్లీషు ఏది? మాట కాదు, వాక్యం. నలుగురిలో నిలబడి, తప్పులేకుండా, ముక్కుసూటిగా, మొదటిసారే పలకాలన్న ఆ వాక్యం. అది వచ్చేదాకా లోపలున్న ప్రశ్న బయటికి రాకూడదన్న రూలు. ఆ రూలు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ లేదు. అయినా మనమందరం పాటిస్తున్నాం.

పోనీ, అంతా తెలుగులోనే చెబితే సరిపోతుందా? మన నేల మీద ఇంగ్లీషు కాని భాషలో పెద్ద చదువులు చెప్పిన చరిత్ర లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు, పారిభాషిక పదాలు తయారు చేశారు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మన భాషలకు శాస్త్రం చెప్పే శక్తి లేదనేవాళ్లకు ఆ ముప్పయ్యేండ్లు మంచి జవాబు. కాని ఆ రోజుల్లో కూడా నల్లగొండలో నాగలి పట్టిన వాడికి ఉర్దూ కచేరీ భాషే గాని ఇంటి భాష కాదు. కాబట్టి దేశభాషలో చెప్పడం ఒకటి, వినేవాడి భాషలో చెప్పడం ఇంకొకటి. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, ఆ పుస్తకాలతోనే నేను ఇంటర్ గట్టెక్కాను, వాటికి రుణపడి ఉన్నాను. అయితే అందులోని తెలుగు కూడా ఒక్కోసారి ఉర్దూ కంటే దూరం. 'కేశనాళికీయత' అన్నది తెలుగు మాటే. మీ అమ్మకు చెప్పి చూడండి. ఒకే వస్తువుకు ఇంట్లో మోటరు, పుస్తకంలో ప్రేరణ మోటారు, కాలేజీలో ఇండక్షన్ మోటార్ - ఈ మూడూ ఒకటేనని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి పేరే అధ్యాపకుడని నేననుకుంటాను.

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగు చెప్పుకోవచ్చని అనుమతి ఇచ్చింది. మంచిదే. కాని మా నాయిన తన మూడో కొడుకు ఉంటే అందులో చేర్చడు, అది ఖాయం. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. ఉద్యోగం ఇచ్చేవాడు ఏ భాషలో ఇంటర్వ్యూ చేస్తాడో ఆయనకు తెలుసు. పేదవాడి పిల్లల మీదనే భాషా ప్రయోగాలన్నీ ఎందుకని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషు నేర్చుకోవలసిందే. నేనూ నేర్చుకుంటున్నాను, ఈ వ్యాసం పూర్తికాగానే మళ్లీ ఆ పనిలోనే పడాలి. నా తగువు ఇంగ్లీషుతో కాదు. అది వచ్చేదాకా ప్రశ్నను ఆపమనడంతో.

అన్న ఇంగ్లీషు నేర్చుకున్నాడు, అది కూడా చెప్పాలి. ఫైనలియర్లో ఇంటర్వ్యూల కోసం ఒక శిక్షణ పెట్టారట. అద్దం ముందు నిలబడి తన గురించి తాను రెండు నిమిషాలు చెప్పుకోవడం నేర్పారు. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అని అన్న అంటే, శిక్షకుడు ఆపి, "ఫార్మర్ అనకు, అగ్రికల్చరిస్ట్ అను, వెయిట్ ఉంటుంది" అన్నాడట. అన్న అట్లాగే అన్నాడు. ఉద్యోగం వచ్చింది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు కంపెనీ. ఎలక్ట్రికల్‌కూ ఆ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. ఇందుకు నేను అన్నను ఒక్క మాట అనను, ఎవరినీ అననివ్వను. ఆ జీతంతోనే మా ఇంటి మీదున్న షావుకారి అప్పు తీరింది, అక్క పెండ్లి అయింది, బోరు పడింది, నా హాస్టలు ఖర్చు నడుస్తోంది. చదువుకున్నవాళ్లు పల్లెలకు తిరిగి వెళ్లి సేవ చెయ్యాలని సావనీర్లలో రాసే పెద్దలను చూస్తే నాకు ఒకింత చిరాకు కూడా. ముందు మీ పిల్లల్ని పంపండి, తర్వాత మేం ఆలోచిస్తాం.

కాని ఒక మాట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. రాత్రుళ్లు బాయికాడికి పోయే బాధ తప్పింది. అప్పుడే ఆటోస్టార్టర్లు తీసెయ్యమని రైతులకు చెప్పారు, అవి ఉంటే మోటర్లు ఆగకుండా తోడి బోర్లు ఎండిపోతాయని. అది సబబే. కాని రైతు ఆటోస్టార్టరు పెట్టుకున్నది ఎందుకు? కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఎవరో మెకానిక్కు కనిపెట్టి ఇచ్చాడు గనక. అవసరం పల్లెలో ఉంది, ఉపాయం మెకానిక్కు దగ్గర ఉంది, శాస్త్రం మన దగ్గర ఉంది. మాటిమాటికి ట్రిప్పు కాని, రైతు తప్పించబుద్ధి కాని ఒక చవక ప్రివెంటరు ఎట్లా ఉండాలో ఆలోచించడానికి మా అన్న కంటే తగినవాడు ఆ అరవైమందిలో ఉన్నాడా? పాఠమూ తెలుసు, మాడిన వాసనా తెలుసు. అటువంటివాడు నాలుగేండ్లు నోరు మూసుకుని కూర్చుంటే నష్టం అతనిదేనా? అతనికి ఉద్యోగం వచ్చింది, అతనికేం పోలేదు. పోయింది ఆ క్లాసుకే.

నా అదృష్టం కొంచెం వేరు. మన కాలేజీలో మొదటి సంవత్సరం తలతన్యత పాఠం చెబుతూ మా ఫిజిక్సు సారు (ఆయనకు పేరు రాయడం ఇష్టం ఉండదు) ఉన్నట్టుండి తెలుగులో అడిగారు: "వాన వెలిశాక పైపైన గుంటుక ఎందుకు తోలుతారు? మీలో ఎవరికి తెలుసు?" ఎవరూ లేవలేదు. తెలిసినవాళ్లు పదిమందైనా ఉంటారు. గుంటుక అనే మాట ఆ గదిలో వినబడడమే వింతగా ఉంది. ఆయన వదల్లేదు, నా వంక చూశారు. నేను లేచి, "తడి ఆరిపోకుండ సార్" అన్నాను. "ఎట్లా ఆరదు?" అన్నారు. నాకు అంతవరకే తెలుసు. అప్పుడు ఆయన చెప్పారు: వాన తర్వాత పైమన్ను గట్టిపడితే దానిలో సన్నని దారులు ఏర్పడతాయి, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు అడుగు తడి ఆ దారుల వెంట పైకి ఎక్కి ఎండకు ఆవిరైపోతుంది, గుంటుక ఆ దారులను తెంపుతుంది. ఆ దారులు చేసే పనినే పుస్తకంలో కేశనాళికీయత అంటారు. చిన్నప్పటి నుంచి గుంటుక మీద బరువు కోసం నన్ను కూర్చోబెట్టి తోలేవాడు నాయిన. నేను కూర్చున్నది ఫిజిక్సు మీదనని ఆ రోజు తెలిసింది. తర్వాత ఆయన అదంతా ఇంగ్లీషులో మళ్లీ చెప్పారు, ఆ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది. ఇందుకు ఆయనకు పట్టింది పది నిమిషాలు. సిలబస్ ఏమీ వెనకబడలేదు.

అందుకని అధ్యాపకులను నేను కోరేది పెద్దదేమీ కాదు. క్లాసు చివర ఐదు నిమిషాలు, ఎవరికి వచ్చిన భాషలో వారు అడగవచ్చని మొదటి రోజే బాహాటంగా చెప్పండి. చెప్పి ఊరుకోకండి, మీరే ఒకసారి మీ ఊరి మాటలో ఏదైనా అనండి. మీలో చాలామంది మా వంటి ఇండ్ల నుంచే వచ్చారని మాకు తెలుసు. సెలవులకు వెళ్లి కోతలు చూసుకుని వస్తారనీ తెలుసు. బోర్డు ముందుకు రాగానే ఆ ఊరు ఎక్కడికి పోతుంది? ల్యాబు వైవాలో తెలుగులో చెప్పిన జవాబు ఒప్పయితే ఒప్పేనని ఒక మాట అనుకోండి. లేచి అడగలేనివాడు చీటీ రాసి వేసేందుకు డిపార్టుమెంటు గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టమని మన యూనియన్ వారిని కూడా అడుగుతున్నాను. ఎంతమంది వేస్తారో నాకు తెలియదు. మొదట్లో సినిమా పాటలు రాసి వేస్తారు, అది మాత్రం తెలుసు.

అయితే అధ్యాపకుల వంతు సగమే. అన్నను కూర్చోబెట్టింది "ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్" అన్న మాట ఒక్కటే కాదు, అంతకు ముందు వచ్చిన నవ్వు. ఆ నవ్వు మనది.

ఈ ఏడాది ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం జరిపాం. రామన్ ఫలితాన్ని ప్రకటించిన రోజు గనుక ఏటా జరుపుకుంటాం. మీలో చాలామంది ఆడిటోరియంలో ఉన్నారు. సౌరశక్తి మీద ఒక పెద్దాయన మంచి ఉపన్యాసం ఇచ్చారు. చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. ముందు వరసల నుంచి ముగ్గురు చక్కని ఇంగ్లీషులో అడిగారు, వాటికి జవాబులు ఉపన్యాసంలోనే ఉన్నాయి. తర్వాత వెనక నుంచి మొదటి సంవత్సరం కుర్రవాడొకడు లేచాడు. సన్నగా ఉన్నాడు, చొక్కా చేతులు కొంచెం పొట్టి. మైకు చేతికి ఇస్తే, పట్టుకోవడం రాక దూరంగా పట్టుకుని, "సార్, మా శెల్కల..." అన్నాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇది రాయడానికి నాకు నెల పట్టింది. నాకు శెలక అంటే తెలియదా? మాకు మూడెకరాలుంది. మా అన్న కథ నాకు తెలియదా? రెండేండ్ల కిందటే విన్నాను, విని కండ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. అయినా నవ్వు వచ్చేసింది. వచ్చేసిందని అనడం కూడా అబద్ధమే, నవ్వాను. పక్కన ఉన్న సిటీ మిత్రులు నవ్వుతుంటే నేను నవ్వకపోతే, వాళ్లు నా వంక చూస్తారేమోనని. దేవరకొండ వాడు ఎందుకు నవ్వాడో అన్న చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. ఆ కుర్రవాడు మైకు పక్కవాడికి ఇచ్చేసి కూర్చున్నాడు. పెద్దాయన "ఎస్, నెక్స్ట్" అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో వాణ్ణి వెతికి పట్టుకున్నాను. మహబూబ్‌నగర్ వైపు అట. మంచం మీద కూర్చుని బట్టలు మడత పెట్టుకుంటున్నాడు. నేను హాల్లో నవ్విన సంగతి వాడు చూశాడో లేదో నాకు తెలియదు. నేనే చెప్పాను, నవ్వినందుకు ఏమనుకోవద్దన్నాను. వాడు కంగారుపడి లేచి నిలబడి, "అయ్యో, గదేం లేదన్నా" అన్నాడు. మాది నల్లగొండ అని, మాకూ శెలక ఉందని, పత్తి వేస్తామని చెప్పాను. కొంచెం నవ్వాడు. కాసేపు పత్తి గురించి, పందుల బెడద గురించి మాట్లాడుకున్నాం. వాళ్లది కూడా ఒకే బోరట. అప్పుడు అడిగాను, పొద్దున నువ్వు సారును ఏం అడుగుదామనుకున్నావు అని.

"ఏం లేదన్నా, యాది మర్సిన" అన్నాడు.

మళ్లీ రెండుసార్లు అడిగాను. మెస్సులో కలిసినప్పుడు ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి. నవ్వి ఊరుకున్నాడు. ఈ సంచిక వాడి చేతికీ వస్తుంది.